తల్లిపురుగు పరీక్ష

కోడలు మునిలక్ష్మి చెయ్యి చాపగానే సుబ్బులమ్మ బల్ల మీద నుంచి లేచి నిలబడింది. సూది దిగడం తన కళ్లతో చూడాలి. ఆదమరిస్తే ఈ పట్నపు డాక్టర్లు ఎవరి నెత్తురు తీసి ఎవరి పేరు రాస్తారో ఎవరికి తెలుసు! మనవడికి రొమ్ము పడిశం పట్టి ఊపిరి గురగురమంటున్న మాట నిజమే. దానికైతే పలమనేరు ఆసుపత్రి చాలు. ఎర్రబస్సులో ఘాటు దిగి, చిత్తూరులో ఇంకో బస్సు మారి, తిరుపతి పెద్దాసుపత్రి దాకా ఆమె వచ్చింది ఈ సూది కోసం.

రాజారత్నం అనే ఆ డాక్టరు పిల్లల వార్డు డాక్టరు కాదు. ఆసుపత్రి వెనక మేడ మీద ఒక గది పెట్టుకుని, మనుషుల నెత్తురులోని కణాలను బుడ్లలో పెంచి, వాటి లోపల ఏముందో చూస్తుంటాడు. నలభై అయిదేళ్లుంటాయి. చొక్కా జేబు మీద సిరా మరక, కళ్ల కింద నల్లటి వాపు. నిన్న వార్డులో మనవడు చిన్నబ్బ ఏటవాలు కళ్లనూ, అరచేతిలో అడ్డంగా పోయిన ఒకే ఒక గీతనూ, మూడేళ్లు నిండినా నిలబడని కాళ్లనూ చూసి, "ఇది పుట్టుకతో కణంలోనే వచ్చే తేడా. యాడి నుంచి వచ్చిందో తెలియాలంటే అమ్మానాన్నల నెత్తురు కూడా చూడాల" అన్నాడు. ఆ మాటతో సుబ్బులమ్మకు ప్రాణం లేచొచ్చింది.

ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియకనా? రేణిగుంట నుంచి వచ్చింది. మునిలక్ష్మితో పాటు వచ్చింది. తన తమ్ముడు గురప్ప కూతురిని, వరసైన పిల్లను కాదని, కొడుకు చెంగయ్య ఎవరి పెళ్లిలోనో చూసి మనసు పడి చేసుకున్న బయటి సంబంధం ఇది. ఆ తమ్ముడి కూతురు తిరుమలమ్మకు ఇంకా పెళ్లి కాలేదు. చదువుకున్న డాక్టరు నోటి వెంట తప్పు ఈ కోడలిదేనని ఒక్క మాట వస్తే చాలు. పెద్దమనుషుల్లో చెప్పి, దీన్ని పుట్టింటికి పంపి, తమ్ముడి కూతురిని ఇంటికి తెచ్చుకోవచ్చు.

మునిలక్ష్మి మోచేతి మడత దగ్గర దూది నొక్కి పెట్టుకుని, రెండో చేత్తో చిన్నబ్బను భుజం మీదికి ఎగదోసుకుంది. వాడి నెత్తురు అంతకు ముందే తీశారు. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉన్నాడు.

"పిల్లోని తండ్రి ఏడీ?" అన్నాడు డాక్టరు.

మునిలక్ష్మి అత్త వైపు చూసింది. చెంగయ్య సూదులు ఉడకబెట్టే గిన్నెను చూసినప్పుడే తల్లి చెవిలో "పురుగు జ్వరం లేస్తాదిమా, ఆకు కొయ్యల్ల" అని చెప్పి పలమనేరు బస్సెక్కేశాడు. ఇంట్లో పట్టుపురుగుల పెంపకం. పురుగు మేత మానేసి పొర వదిలే కాలాన్ని అక్కడ జ్వరం అంటారు. అది లేచిందంటే ఆబగా తింటుంది, ఆకు తెచ్చేవాడు ఉండాలన్నది నిజమే గానీ, చెంగయ్యకు వచ్చిన జ్వరం మాత్రం సూదిది.

"మొగోడెందుకు సామీ? తల్లిని సూస్తే సాలదా?" అంది సుబ్బులమ్మ. "మా పలమనేరు పట్టుపురుగు గుడ్ల ఆఫీసులో నేను శానా ఏండ్లు పనిజేసినా. ఆడపురుగు గుడ్లు పెట్టినాక దాన్ని రోట్లో ఏసి నూరి, సుక్క గాజుబిళ్ల మీద ఏసిస్తే సారు దుర్బీనులో సూస్తాడు. తల్లిలో రోగముంటే అది పెట్టిన గుడ్లన్నీ పొయ్యిలోకే. మొగపురుగును ఎవురూ సూడరు. ఊడ్చి పారేస్తాము."

డాక్టరు నవ్వాడు. ఆ నవ్వులో కూడా నిద్ర చాలనితనం ఉంది.

"నిజమేమ్మా. పురుగులో ఆ రోగం తల్లి నుంచే గుడ్డులోకి పోతాది. ఇది అట్లాంటిది కాదు. బిడ్డకు సగం తల్లి ఇస్తాది, సగం తండ్రి ఇస్తాడు. రెండు సగాలూ చూస్తే గానీ ఒక మాట చెప్పేదానికి లేదు."

"అంటే నా కొడుకులో ఉండాదంటావా?"

"ఉందనలేదు. చూడాలంటున్నా."

చూడాలనడమే ఆమెకు తిట్టుగా తగిలింది. మునిలక్ష్మి లేచిన ముక్కాలి పీటను కాలితో దగ్గరికి జరుపుకుని కూర్చుని, రవిక చెయ్యి పైకి లాగి, మోచెయ్యి బల్ల మీద పెట్టింది.

"వాని ఒంట్లో తిరిగేది నా నెత్తురే సామీ. నా పాలే. నాది తీసి సూడు. అంత మచ్చ కనపడితే అప్పుడడుగు."

తల్లి నెత్తురు చూస్తే కొడుకు నెత్తురు చూసినట్టేనని ఆమె నమ్మకం. గుడ్ల ఆఫీసులో నేర్చుకున్న లెక్క అదే. డాక్టరు వద్దని చెప్పబోయి, ఏదో తోచినవాడిలా ఆగాడు.

"నీకెంతమంది పిల్లలమ్మా?"

"ఒగడే."

"పోయినోళ్లు?"

"పోయినోళ్లు పోయినారు. కడుపులో నిలబడలే. దానికీ దీనికీ ఏం సమ్మంధం?"

డాక్టరు రబ్బరు గొట్టం తీసి ఆమె దండకు బిగించాడు. నెత్తురు సూది గొట్టంలోకి ఎక్కుతుంటే సుబ్బులమ్మ దాన్ని చూడలేదు. తల తిప్పి కోడలి ముఖంలోకి చూస్తూ కూర్చుంది. సూసినావా, నేను భయపడలే, అన్నట్టు.

బుడ్లలో కణాలు పెరగడానికి మూడు రోజులు పడుతుందనీ, తర్వాత ఇంకొంచెం పని ఉంటుందనీ డాక్టరు చెప్పాడు. చిన్నబ్బ రొమ్ము ఎలాగూ అంత తొందరగా తగ్గేది కాదు. వార్డు వరండాలో, గోడ పక్కన వాళ్లకు చాపెడు చోటు దొరికింది.

చిన్నబ్బను పడుకోబెడితే కఫం అడ్డుపడి నీలంగా మారిపోతాడు. అందుకని మునిలక్ష్మి వాడిని నిట్టనిలువునా భుజాన వేసుకునే ఉండేది. ఒక భుజం పడిపోతే ఇంకో భుజం. కూర్చుంటే వాడు ఏడుస్తాడని వరండా ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ ఉండేది. ఉగ్గుగిన్నెతో పాలు పోస్తే నాలుక బయటికి తోసి సగం మెడ మీదికి వదిలేసేవాడు. ఆమె కొంగుతో తుడిచి మళ్లీ పోసేది. ఒక గిన్నెడు పాలు లోపలికి పోవడానికి ఒక పూట పట్టేది. విసుక్కోదు, బుజ్జగించదు. పురుగుకు ఆకు వేసినంత మామూలుగా చేసుకుపోయేది. సుబ్బులమ్మ ఎదురుగా గోడకు ఆనుకుని, తమలపాకు నములుతూ చూసేది. వాడిని ఎత్తుకోమని కోడలు ఎప్పుడూ అడగలేదు. అత్తా ఎప్పుడూ ఎత్తుకోలేదు. వాడు పుట్టిన మర్నాడు ముఖం చూసి, మంత్రసాని చేతికి తిరిగి ఇచ్చేసిన చేతులవి.

ఆమె చేసే పనల్లా గేటు ముందరి టీ కొట్టు నుంచి వేడినీళ్లు తేవడం. సత్తు బిందెడు నీళ్లు అడిగితే కొట్టువాడు కసురుకుంటాడు. కసిరించుకుని తెస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం అలా తెస్తుండగా మేడ మెట్ల దగ్గర రాజారత్నం ఎదురొచ్చాడు. కరెంటు పోయి చాలాసేపయింది. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

"ఆ నీళ్లు నాకిస్తావా అమ్మా? బుడ్లు చల్లబడిపోతే చేసిందంతా దండగ."

"పిల్లోని ఒళ్లు తుడిసేదానికి తెచ్చినా సామీ."

"పిల్లోనివే ఆ బుడ్లు. మీ ముగ్గురివే."

ఆమె బిందె తీసుకుని అతని వెనకే మెట్లెక్కింది. పైన చిన్న గది. ఒక మూల కిటికీ దగ్గర గిన్నెలో ఎర్రటి బీన్సు గింజలు నానుతున్నాయి. పాపం, పెండ్లాం పుట్టింటికి పోయినట్టుంది, ఈడే వండుకుంటాడేమో అనుకుంది సుబ్బులమ్మ. ఆమె చూపు గమనించి, అది కూరకు కాదన్నాడు డాక్టరు. ఆ గింజలను నూరి వడగట్టిన నీళ్లు ఒక్క చుక్క వేస్తే, నెత్తురులో నిద్రపోతున్న తెల్లకణాలు మేలుకుని ఒకటి రెండవుతాయట. బయటి దేశం నుంచి తెప్పించే మందు అడిగి ఏడాదయినా రాకపోతే, బజారులో గింజలు కొనుక్కుని తనే చేసుకుంటున్నాడు. ఒక బకెట్‌లో నీళ్లు పోసి, బుడ్లను అందులో నిలిపి, పైన కంబళి కప్పి, మధ్యమధ్య వేలు పెట్టి వెచ్చదనం చూస్తూ కూర్చున్నాడు. ఇంట్లో చీమతలంత పిల్లపురుగులను బొగ్గుల కుంపటి పెట్టి కాపాడే పనే ఇది. ఏదైనా చిన్నప్పుడు ఇంతే కాబోలు అనుకుంటూ, కరెంటు వచ్చేదాకా సుబ్బులమ్మ ఇంకో రెండు బిందెలు మోసింది. తప్పు కోడలిదని తేలాలంటే బుడ్లు బతకాలి మరి.

తెల్లవారి గురప్ప వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, చేతిలో అరటిపండ్ల గెల. అక్క దగ్గర కూర్చుని, చిన్నబ్బ వైపు ఒకసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

"ఏమన్నాడక్కా డాక్టరు?"

"ఇంగా సూస్తా ఉండాడు."

"సూసేదేముండాది దాంట్లో? కండ్ల ముందరే ఉండాది కదా." గొంతు తగ్గించానని అనుకున్నాడు గానీ, పొలాల్లో పిలిచి పిలిచి పెరిగిన గొంతు అది. "నేను అయ్యోరిని అడిగొచ్చినా. వచ్చే నెలలో మంచి దినాలుండాయి. తిరుమలమ్మ మా ఇంట్లో ఉన్నా ఒగటే, నీ ఇంట్లో ఉన్నా ఒగటే. డాక్టరు మాట ఒగటి నోట్లో పడితే, ఈ పిల్లను ఇట్నించిటే రేణిగుంట బస్సెక్కించేస్తే సరి. మళ్లా పలమనేరుకు తోలకపోయి, ఆడ పంచాయితీ ఎందుకు?"

"గమ్మునుండు. ఇంటాది."

వరండా మధ్యలో మునిలక్ష్మి నడక ఆగలేదు. ఆ చివర దాకా వెళ్లి తిరిగి వచ్చింది. గురప్ప టీ తాగడానికి పోయాక, అత్త ముందు వచ్చి నిలబడింది. సుబ్బులమ్మ ఏడుపుకు సిద్ధమై కూర్చుంది. కాళ్లు పట్టుకుంటుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో. రెండింటికీ జవాబు దగ్గర పెట్టుకుంది.

"అత్తా, నన్ను పంపిచ్చేస్తే చిన్నబ్బను నాతో పంపిస్తారా?"

సుబ్బులమ్మ నోట్లో ఆకు అలాగే ఉండిపోయింది.

"మగబిడ్డ, మా ఇంటోడు అని పట్టుకోరు కదా? మీరు పట్టుకుంటే వీడు బతకడు. పాలు పోసేది ఎవురికీ రాదు. అది ఒగటి చెప్పు సాలు, నేను ఇంగేమీ అడగను."

"ఇప్పుడెవురు పంపిస్తా ఉండారు నిన్ను? పో, పిల్లోని మెడ తుడువు." ఆ పూట తమ్ముడు తెచ్చిన అరటిపండు తినబోతే సయించలేదు. బెల్లం నీళ్లు తాగి పడుకుంది.

డాక్టరు కబురు పెట్టిన రోజు మునిలక్ష్మికి పైకి వెళ్లడానికి కుదరలేదు. పిల్లాడికి ఆవిరి పడుతున్నారు. సుబ్బులమ్మ ఒక్కతే మెట్లెక్కింది. మోకాళ్లు నొప్పి. ఒక్కో మెట్టు మీద ఆగి, తమ్ముడికి ఏమని చెప్పాలో, పెద్దమనుషులకు ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటూ ఎక్కింది.

గదిలో నేలంతా కత్తిరించిన ఫొటో ముక్కలు. డాక్టరు వేళ్లకు జిగురు అంటుకుని ఉంది. ముందు ఆమెను దుర్బీనులో చూడమన్నాడు. ఆమె ఒక కన్ను మూసి, అలవాటున్నదానిలా చూసింది. గుడ్ల ఆఫీసులో సారు లేనప్పుడు ఒకటి రెండుసార్లు చూసిన కన్నే అది. అక్కడ మెరిసే గింజలు కనపడేవి. ఇక్కడ తుంచి పారేసిన నల్లదారపు ముక్కల్లాంటివి ఉన్నాయి.

"ఒక్క కణం అది. ఈ దారాల్లోనే మన రూపం, ఒళ్లు, బుద్ధి, అన్నీ చుట్టి పెట్టుంటాయి. తల్లి నుంచి ఒగ వరస, తండ్రి నుంచి ఒగ వరస. ఫొటో తీసి, కత్తిరించి, జతలు జతలుగా అంటించినా. ఇది నీ కోడలిది, చూడు."

తెల్లకాగితం మీద పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా జంటలు జంటలుగా వరసలో ఉన్నాయి.

"అన్నీ బాగుండాయి. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆమెలో ఏ తేడా లేదమ్మా."

"సరిగా సూసినావా సామీ?"

"శానా కణాలు చూసినా. అన్నీ ఇట్లే ఉండాయి." ఇంకో కాగితం జరిపాడు. "ఇది పిల్లోనిది. ఈ చిట్టిది రెండు ఉండల్ల. వీనికి మూడుండాయి. మూడోది విడిగా లేదు, ఈ పెద్దదాని నెత్తికి అతుక్కోని ఉండాది. ఈ అతుకు ఆమెలో లేదు."

మూడో కాగితం జరపడానికి ముందు అతను కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. గుడ్ల ఆఫీసులో సారు గాజుబిళ్లను రెండోసారి చూడడం మొదలుపెడితే, బుట్ట పట్టుకుని పొయ్యి దగ్గరికి పోయే పని తనదే. ఆ రెండోసారి చూడడం ఎలా ఉంటుందో ఆమెకు బాగా గుర్తుంది.

"ఇది నీది."

అతని వేలు ఒక చిట్టిదాని మీద ఆగింది. దానికి జత లేదు. పక్క వరసలో పెద్దదాని నెత్తి మీద అదే అతుకు.

"నాదా?"

"నీదే. నీకు ఏదీ తక్కువ కాలేదు, ఏదీ ఎక్కువ కాలేదు. ఉండాల్సిందంతా ఉంది. ఒగటి మాత్రం ఇంగోదాని నెత్తిన ఎక్కి కూర్చోనుంది. అందుకే నువ్వు బాగుండావు, నీ కొడుకూ బాగుండాడు. వానికీ ఇట్లే ఉంటాది, చూడకపోయినా చెప్తా. కానీ బిడ్డకు పంచి ఇచ్చేటప్పుడు ఆ అతుకుతో లెక్క తప్పుతాది. ఎక్కువ పోతే చిన్నబ్బ మాదిరి బిడ్డ పుడతాది. తక్కువ పోతే..." అతను ఆగాడు. "తక్కువ పోతే కడుపులో నిలబడదు."

కిటికీలో గింజల గిన్నె మీద ఈగ వాలింది. సుబ్బులమ్మ దాన్నే చూస్తూ కూర్చుంది. కడుపు పోయిన ప్రతిసారీ, తడిగుడ్డలతో గంగమ్మ గుడి చుట్టూ తిప్పిన అత్త గుర్తుకొచ్చింది. ఎవరి ఉసురు పోసుకున్నావే అని అడిగిన గొంతు గుర్తుకొచ్చింది. కడపటిసారి అది ఆడపిల్ల అని తెలిసే దాకా నిలిచి, ఆ తర్వాత పోయింది. గుడ్డలో చుట్టి మల్బరీ తోట గట్టు మీద పూడ్చారు. తను నడిచిన దోవలో ఏం తొక్కిందో, ఎవరిని ఏమందో, ఏ మొక్కు మరిచిందో అని ఆమె ఇన్నేళ్లూ వెతుక్కుంటూనే ఉంది.

"నేను ఏ తప్పూ సెయ్యలేదా సామీ?"

"లేదమ్మా. దీంట్లో నువ్వు చేసిందేమీ లేదు. నీకు ఎవురిచ్చినారో, వాళ్లకూ తెలీదు."

ఆ ఒక్క మాట కోసం వయసులో ఉన్నప్పుడు ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు. ఇన్నాళ్లకు చెప్పేవాడు దొరికాడు. రావలసిన సంతోషం మాత్రం రాలేదు. ఒళ్లంతా అలసట కమ్మింది. తనకు తప్పు లేదంటే కోడలికీ లేదు. ఒకటి తీసుకుని ఇంకొకటి వదిలేయడానికి వీల్లేకుండా, రెండూ ఒకే మాటలో ఉన్నాయి.

"మా ఆఫీసులో అయితే..." అని ఆగిపోయింది.

"ఇది గుడ్ల ఆఫీసు కాదమ్మా. మనుషులు. ఎవురినీ ఏమీ చెయ్యరు. నీ కోడలికి ఇంగో బిడ్డ పుడితే బాగుండేదానికే ఎక్కువ వీలుంది. ఈసారి కడుపు పడితే నా దగ్గరికి తోలకరా, చూస్తాం." అతను కాగితాలు సర్దుతూ మెల్లగా అన్నాడు. "నీకు తోడబుట్టినోళ్లు ఉన్నారా?"

"తమ్ముడుండాడు. వాని పెండ్లానికి కూడా..." ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది. మరదలికి రెండుసార్లు అలాగే పోయిన సంగతి అప్పటిదాకా ఆమెకు తట్టనే లేదు.

"ఆయనలోనూ ఉండొచ్చు, ఆయన పిల్లల్లోనూ ఉండొచ్చు. చూస్తే గానీ తెలీదు. చూడకుండా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మేనరికం మాత్రం చెయ్యొద్దు. ఇద్దరిలోనూ ఉంటే ఇబ్బంది ఇంగా జాస్తి."

"ఎవురికి చెప్తావు సామీ ఇదంతా?"

"కోడలు అడిగితే ఆమె సంగతి చెప్తా. నీ సంగతి నేనెవురికీ చెప్పను. నెత్తురు నీది. చెప్పేదీ చెప్పకపోయేదీ నీ ఇష్టం."

ఆమె మెట్లు దిగింది. ఎక్కేటప్పుడు కూర్చుకున్న మాటలు ఇంకా పనికొస్తాయి, అదే ఇబ్బంది. తమ్ముడికి దుర్బీను తెలీదు, కొడుకు ఈ మేడ ఎక్కడు, కోడలు అడిగే రకం కాదు. డాక్టరు ఇట్లన్నాడు అని తను ఏది చెబితే అదే. తమ్ముడి కూతురు ఇంటికి వస్తుంది. తన ఇల్లు, తన పుట్టిల్లు ఒక్కటవుతాయి. చివరి మెట్టు మీద కూర్చుని చాలాసేపు మోకాళ్లు పిసుక్కుంది.

చిన్నబ్బను ఇంటికి పంపిన రోజు గురప్ప, చెంగయ్య కలిసి వచ్చారు. మామా అల్లుళ్లు తోవలో ఏం మాట్లాడుకున్నారో గానీ, చెంగయ్య పెళ్లాం ముఖం చూడకుండా నేల చూస్తూ నిలబడ్డాడు. గురప్ప కొత్త పంచె కట్టి ఉన్నాడు.

మునిలక్ష్మి వరండాలో మూటలు కట్టింది. వచ్చేటప్పుడు ఒకే మూట. ఇప్పుడు రెండు. ఒకదానిలో సుబ్బులమ్మ చీర, దుప్పటి, ఆకుల సంచి, సత్తు బిందె. ఇంకోదానిలో తన చీర, చిన్నబ్బ గుడ్డలు, ఉగ్గుగిన్నె. ముడి గట్టిగా బిగించి, పిల్లాడిని భుజాన వేసుకుని, ఆ రెండో మూట పక్కన నిలబడింది. అడగాల్సింది ఆ రోజే అడిగేసింది. చిన్నబ్బను మాత్రం రెండు చేతులతో పట్టుకుంది.

"ఏమంటాడక్కా డాక్టరు? తేల్చినాడా?" అన్నాడు గురప్ప.

సుబ్బులమ్మ రెండు మూటలనూ చూసింది.

"తేల్చినాడు. పిల్లదాంట్లో ఏమీ లేదు."

"ఏంది?"

"మునిలక్ష్మిలో ఏ తేడా లేదంట. నాలో ఉండాది. నా నుంచి వీనికి, వీని నుంచి పిల్లోనికి." కొడుకు వైపు చెయ్యి చూపించింది. "నా కడుపులో పోయినోళ్లంతా దాంతోనే పోయినారంట. దుర్బీనులో నా కండ్లతో సూసినా."

"మెల్లగా అక్కా! ఎవురన్నా ఇంటారు."

"ఇననీ. ఇన్నాళ్లూ దీని సంగతి మెల్లగా చెప్పినామా?"

గురప్ప ముఖం ఎర్రబడింది. "మన వంశంలోనా? ఎవుడో గాజుబిళ్ల సూసి చెప్తే..."

"నీ పెండ్లానికి రెండుసార్లు పోలేదా? నీలో కూడా ఉంటాదేమో. పైకి పోయి నువ్వూ చెయ్యి సాపు. తిరుమలమ్మను కూడా తోలకరా. సూడకుండా మా ఇంటికి పిల్లనియ్యొద్దు. నేను తెచ్చుకోను."

"నా బిడ్డను వద్దంటే వద్దని చెప్పు. నా నెత్తురు జోలికి రావొద్దు." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నీకు మతి పోయిందక్కా. రేపు ఊర్లో ఈ మాట పొక్కితే నా బిడ్డను ఎవురు చేసుకుంటారు? ఇంగ నా గడప తొక్కొద్దు నువ్వు." వెనక్కి చూడకుండా గేటు దాటి పోయాడు. తల్లి పోయినప్పుడు తను ఎత్తుకుని పెంచిన తమ్ముడు. సుబ్బులమ్మ పిలవలేదు గానీ, మలుపు తిరిగే దాకా చూస్తూనే ఉంది.

"పోదాం పా మా, బస్సు పోతాది," అన్నాడు చెంగయ్య.

"నువ్వు మేడ మీదికి పోయి చెయ్యి సాపి రా."

"ఇప్పుడెందుకుమా? అంతా తెలిసిపాయ కదా."

"తెలిసినా సాపల్ల. అది సాపింది. నేను సాపినా. ఆ పసిబిడ్డ సాపినాడు. నువ్వు సాపి వచ్చే దాకా బస్సెక్కను."

చెంగయ్య తల్లినీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూసి, మెట్ల వైపు నడిచాడు. సుబ్బులమ్మ వంగి, రెండో మూట ముడి విప్పి, అందులోని గుడ్డలు తీసి తన మూటలో కలిపి కట్టింది. ముడి సరిగా పడలేదు. మళ్లీ విప్పి కట్టింది.

బస్సులో చెంగయ్య ముందు సీటులో ఒక్కడే కూర్చున్నాడు. మోచేతి దగ్గర దూది అలాగే ఉంది. అత్తాకోడళ్లు వెనక ఇద్దరి సీటులో. చిత్తూరు దాటింది. మొగిలి ఘాటు ఎక్కుతుంటే చల్లగాలి కొట్టింది. మునిలక్ష్మి కొంగు తీసి చిన్నబ్బ చెవుల చుట్టూ కప్పింది.

"అత్తా."

"ఏమే?"

"అది నాలో ఉండుంటే ఏం చేసుంటావు?"

బస్సు మలుపు తిరిగింది. సుబ్బులమ్మ ముందు సీటు కమ్మీ పట్టుకుంది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచింది గానీ, ఆ ఓపిక కూడా మిగల్లేదు.

"పంపిచ్చేసుంటా."

"పిల్లోన్ని?"

"నా దగ్గరే పట్టుకోని ఉంటా."

మునిలక్ష్మి తల ఊపింది. ఆమె ముఖంలో కోపం రాలేదు, కన్నీళ్లు రాలేదు. తెలిసిన సంగతే ఇంకోసారి విన్నట్టు కిటికీలోంచి లోయ వైపు చూసింది. తర్వాత పిల్లాడిని భుజం మీది నుంచి దించి, తల పడిపోకుండా మెడ కింద చెయ్యి పెట్టి, అత్త ఒడి వైపు చాపింది.

"రోంతసేపు పట్టుకో. నిలువుగా పట్టుకోవల్ల, పండబెట్టొద్దు. నా చేతులు పడిపోతా ఉండాయి."

సుబ్బులమ్మ కమ్మీ వదిలేసి రెండు చేతులూ చాపింది.